పాత ల్యాప్‌టాప్‌లో ఫోన్ యాప్‌లు నడిపించడం ఎలా

హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో కూర్చుంటాను నేను. ఈమధ్య ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. ఊరు పరకాల. నయీంనగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుకుంటోంది. బస్సు దిగుతుంటే ఫోన్ జారిపడిందట, స్క్రీన్ సగం నల్లబడిపోయింది. టచ్ కూడా పోయింది. కోచింగ్ క్లాసులన్నీ ఆ ఫోన్ యాప్‌లోనే ఉన్నాయి. సంచిలోంచి పాత ల్యాప్‌టాప్ తీసి టేబుల్ మీద పెట్టింది. "అన్నా, ఆ యాప్ దీంట్ల నడుస్తదా? రెండు రోజుల సంది వీడియోలు చూసి ట్రై చేస్తున్న, ఎక్కుతలేదు" అంది.

తెరిచి చూస్తే అందులో మూడు ఎమ్యులేటర్లు, అంటే కంప్యూటర్ లోపలే ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌ని సృష్టించి నడిపే ప్రోగ్రామ్‌లు, వేసి ఉన్నాయి. మెషీన్‌లో ఉన్న ర్యామ్ మొత్తం 4 జీబీ. ఆ మూడింట్లో రెండు, ల్యాప్‌టాప్ ఆన్ కాగానే వాటంతటవే లేచి కూర్చుంటున్నాయి. విండోస్‌కే ఊపిరాడని పరిస్థితి. మూడింటినీ తీసేశాం. తర్వాత ఆ కోచింగ్ వాళ్ల వెబ్‌సైట్ తెరిచి చూస్తే, అదే ఫోన్ నంబర్‌తో అక్కడా లాగిన్ అవ్వొచ్చని తేలింది. సిమ్ తీసి తోడొచ్చిన స్నేహితురాలి ఫోన్‌లో పెట్టి ఓటీపీ తీసుకున్నాం. పది నిమిషాల్లో క్లాసు మొదలైంది. ఆమెకు ఎమ్యులేటర్ అవసరమే లేదు. రెండు రోజుల చదువు మాత్రం పోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఫోన్ యాప్‌ని కంప్యూటర్‌లో నడిపించే దారులు చాలా ఉన్నాయి. ఏ దారి మీకు సరిపోతుందో ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు మీ అవసరం ఏంటో చూసుకోండి

మీకు కావలసిన యాప్ పేరు బ్రౌజర్‌లో వెతకండి. దానికి వెబ్‌సైట్ ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు. డిజిలాకర్‌కి ఉంది, బడిపిల్లల పాఠాలుండే దీక్షకి ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి ధరలు చూసుకునే ఈ-నామ్‌కీ ఉంది. వాట్సాప్‌కైతే వాట్సాప్ వెబ్ ఉండనే ఉంది. ఫోన్ కాకుండా నాలుగు పరికరాల వరకు కలుపుకోవచ్చు. ఒకసారి కలిపాక ఫోన్‌లో నెట్ లేకపోయినా కంప్యూటర్‌లో మెసేజ్‌లు నడుస్తాయి. అయితే ఫోన్‌లో 14 రోజులు వాట్సాప్ తెరవకపోతే కలిపినవన్నీ వాటంతటవే లాగౌట్ అవుతాయి. ఫోన్ రిపేర్‌కి ఇచ్చినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వెబ్‌సైట్ కూడా యాప్‌లాగే విడి కిటికీలో కావాలంటే, క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, కాస్ట్, సేవ్, షేర్ అని ఉన్నచోట పేజీని యాప్‌గా ఇన్‌స్టాల్ చేసుకునే ఎంపిక ఉంటుంది. డెస్క్‌టాప్ మీద ఐకాన్ వస్తుంది. దీనికి ర్యామ్ కూడా పెద్దగా పట్టదు.

వెబ్‌సైట్ లేదు, కానీ ఫోన్ బాగానే ఉంది, పెద్ద స్క్రీన్ మీద చూస్తూ కీబోర్డుతో టైప్ చేయాలి అనుకుంటే ఫోన్ స్క్రీన్‌నే కంప్యూటర్ మీదికి తెచ్చుకోవాలి. ఫోనే లేదు, లేదా ఫోన్‌తో సంబంధం లేకుండా ఆ యాప్ కంప్యూటర్‌లోనే నడవాలి అనుకుంటే అప్పుడు ఎమ్యులేటర్. బరువైన పని కాబట్టి దాన్ని చివరికి ఉంచుకోండి.

ఫోన్ బాగుంటే ఒక్క కేబుల్ చాలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇది. నర్సంపేట దగ్గర సర్కారు బడిలో చెప్పే ఒక టీచర్‌కి ఇదే చేసిచ్చాను. ఆయన ఫోన్‌లో నక్షత్రాలు చూపించే ఒక యాప్ ఉంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసేవాళ్లు, ఆఖరి బెంచీ వాళ్ల వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేది. ఇప్పుడు ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి, ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి కలిపితే గోడంతా ఆకాశమే.

దీనికి వాడేది స్క్రీన్‌కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్. పేరు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మధ్యలో కొన్ని అక్షరాలు తీసేసి ఎస్, సీ, ఆర్, సీ, పీ, వై అని ఆరు అక్షరాలే రాస్తారు. అలాగే వెతకండి. ప్రోగ్రామ్‌ల కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో జెనీమొబైల్ వాళ్ల పేజీలో దొరుకుతుంది. ఇదే పేరుతో వేరే సైట్లు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. 2018లో వచ్చిన ప్రోగ్రామ్ ఇది. కోడ్ అందరికీ కనిపిస్తుంది, ప్రకటనలు లేవు, ఫోన్‌ని రూట్ చేయాల్సిన (లోపలి తాళాలు విప్పాల్సిన) పని లేదు. ఆండ్రాయిడ్ 5 ఆ పైన ఏ ఫోన్‌కైనా పనిచేస్తుంది. ఫోన్ శబ్దం కూడా కంప్యూటర్‌లో రావాలంటే మాత్రం ఆండ్రాయిడ్ 11 ఉండాలి.

విండోస్ 64 బిట్ జిప్ ఫైల్ దించుకుని, దాన్ని ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. జిప్ లోపలే డబుల్ క్లిక్ చేస్తే నడవదు. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఇక ఫోన్ పని. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు టకటకా నొక్కండి. మీరిప్పుడు డెవలపర్ అయ్యారని చెబుతుంది. కంగారేం లేదు, దాచిపెట్టిన ఒక మెనూ తెరుచుకుందంతే. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో బిల్డ్ నంబర్‌కి బదులు ఎంఐయూఐ లేదా హైపర్‌ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి. తర్వాత డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో దాని కిందే సెక్యూరిటీ సెట్టింగ్స్ పేరుతో ఇంకో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఉంటుంది. దాన్ని కూడా ఆన్ చేయకపోతే బొమ్మ కనిపిస్తుంది గానీ మౌస్‌తో నొక్కితే ఏమీ కదలదు.

కేబుల్ పెట్టండి. ఈ కంప్యూటర్‌ని అనుమతించాలా అని ఫోన్ అడుగుతుంది, అవునని చెప్పండి. కంప్యూటర్‌లో స్క్రీన్‌కాపీ ఫైల్ డబుల్ క్లిక్ చేస్తే ఫోన్ స్క్రీన్ ప్రత్యక్షమవుతుంది. మౌస్ క్లిక్ వేలితో తాకినట్టే. కుడి క్లిక్ అంటే వెనక్కి. ఎడమ ఆల్ట్, హెచ్ కలిపి నొక్కితే హోమ్. ఎడమ ఆల్ట్, ఓ నొక్కితే ఫోన్ స్క్రీన్ ఆరిపోయి కంప్యూటర్‌లో మాత్రం నడుస్తూనే ఉంటుంది, బ్యాటరీ మిగులుతుంది. కంప్యూటర్‌లోని ఫోటోని లాగి ఆ కిటికీలో పడేస్తే ఫోన్ డౌన్‌లోడ్స్‌లోకి పోతుంది.

ఫోన్ అసలు కనిపించడమే లేదంటే నేను మొదట అనుమానించేది కేబుల్‌ని. తక్కువ ధర కేబుళ్లలో కొన్నిటికి చార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ చార్జ్ అవుతోంది కదా, కేబుల్ బాగానే ఉందనుకుంటాం. ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్‌తో ఒకసారి ప్రయత్నించండి.

కొన్ని యాప్‌లు, ముఖ్యంగా బ్యాంకువి, వీడియో కాపీ చేయకుండా కట్టడి చేసుకున్న కోచింగ్ యాప్‌లు ఈ దారిలో నల్ల స్క్రీన్ చూపిస్తాయి. అది ఆ యాప్ చేసినవాళ్లు కావాలని పెట్టుకున్న తాళం, మీ తప్పేమీ కాదు. పని అయిపోగానే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయడం మరచిపోవద్దు. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు కూడా.

పరకాల అమ్మాయి ఫోన్‌కి ఈ దారి ఎందుకు కుదరలేదో చెప్పాలి. డీబగ్గింగ్ ముందే ఆన్ చేసి లేదు. ఆన్ చేద్దామంటే టచ్ లేదు. స్క్రీన్ పూర్తిగా కనిపిస్తూ టచ్ ఒక్కటే పోయి ఉంటే, ఫోన్ చార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ పెట్టుకోనిచ్చే చిన్న ఓటీజీ ముక్కతో ఫోన్‌కి మామూలు మౌస్ తగిలించి ఆ సెట్టింగ్ ఆన్ చేయొచ్చు. ఫోన్‌లో బాణం గుర్తు కనిపిస్తుంది. ఫోటోలు, కాంటాక్టులు బయటికి తీసుకోవడానికి ఇలా చాలా ఫోన్లు కాపాడాం.

ఎమ్యులేటర్ ఎందుకంత బరువు

ఫోన్లలో దాదాపు అన్నీ ఆర్మ్ రకం ప్రాసెసర్లు. మన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇంటెల్ లేదా ఏఎండీ. రెండింటి భాషలు వేరు. ఎనుమాముల మార్కెట్‌కి తెలుగు రాని వ్యాపారి మిర్చి కొనడానికి వస్తే, ఆయనకీ మన రైతుకీ మధ్య ఒక మనిషి నిలబడి మాట అటూ ఇటూ చేరవేయాల్సి వస్తుంది. బేరం కుదురుతుంది, కాకపోతే రెండింతలు సమయం పడుతుంది. ఫోన్ భాషలో రాసిన యాప్‌ని కంప్యూటర్‌లో నడపడమూ అంతే.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి ఎమ్యులేటర్ చేసేవాళ్లు ఇంటెల్, ఏఎండీ భాషలోనే తయారైన ఆండ్రాయిడ్‌ని లోపల పెడతారు. దాంతో చాలా పని నేరుగా ప్రాసెసర్ మీదే జరుగుతుంది. యాప్‌లో ఆర్మ్ కోసమే రాసిన భాగం వచ్చినప్పుడు మాత్రం అనువాదం చేస్తారు. ఇలా నేరుగా నడవడానికి ప్రాసెసర్‌లో ఒక సదుపాయం ఉంది, దాన్నే వర్చువలైజేషన్ అంటారు. అది ఆఫ్‌లో ఉంటే ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ అయినా ఎమ్యులేటర్‌లో ఎద్దుబండిలా నడుస్తుంది, లేదా అసలు నడవదు. "నా ల్యాప్‌టాప్ పాతదైపోయింది అన్నా, కొత్తది కొనాల్నేమో" అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి కొత్తది అక్కర్లేదు. ఆ ఒక్క స్విచ్ వేసి పంపిస్తాను.

ఇన్‌స్టాల్ చేసే ముందు చూడాల్సినవి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. మెమరీ దగ్గర మొత్తం ర్యామ్ ఎంతో కనిపిస్తుంది. డిస్క్ దగ్గర వేగంగా పనిచేసే కొత్త రకం ఎస్ఎస్‌డీనా, పాత హార్డ్ డిస్కా రాసి ఉంటుంది. సీపీయూ మీద నొక్కితే కింద వర్చువలైజేషన్ అని, పక్కన ఎనేబుల్డ్ లేదా డిజేబుల్డ్ అని ఉంటుంది.

బ్లూస్టాక్స్ 5 వాళ్లు చెప్పే కనీస అవసరం 4 జీబీ ర్యామ్, 5 జీబీ ఖాళీ జాగా. కాగితం మీద అది నిజమే. కానీ విండోసే ఊరికే ఉండి రెండు మూడు జీబీలు తింటుంది. కాబట్టి 4 జీబీ మెషీన్‌లో ఒక చిన్న యాప్ నడవాలన్నా క్రోమ్ మూసేయాలి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే టెన్షన్ లేదు. చేతిలో కొంచెం డబ్బుండి ఏది ముందు మార్చాలని అడిగితే, ముందు ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్ అంటాను. హార్డ్ డిస్క్ మీద ఎమ్యులేటర్ తెరుచుకునేలోపు మీరు చాయ్ తాగి రావొచ్చు. ఎస్ఎస్‌డీ ఎమ్యులేటర్‌కే కాదు, ఆ మెషీన్‌లో చేసే ప్రతి పనికీ పనికొస్తుంది.

వర్చువలైజేషన్ ఆన్ చేయడం

డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగుల్లోకి, వెళ్లాలి. వెళ్లే ముందు ఒక్క పని తప్పకుండా చేయండి.

రెండేళ్ల క్రితం ఒకతని ల్యాప్‌టాప్‌లో నేను బయోస్ సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చేశాను. విండోస్‌కి బదులు నీలం స్క్రీన్ వచ్చి, 48 అంకెల రికవరీ కీ అడిగింది. డ్రైవ్‌కి బిట్‌లాకర్ తాళం పడి ఉందన్న సంగతి అతనికీ తెలియదు, నేనూ చూడలేదు. అతని ప్రాజెక్టు రిపోర్టు మొత్తం అందులోనే ఉంది. కాలేజీలో ఇవ్వాల్సింది మర్నాడే. అతను ఏ మెయిల్‌తో విండోస్ సెటప్ చేశాడో గుర్తుతెచ్చుకుని, పాస్‌వర్డ్ రీసెట్ చేసి, కీ సంపాదించేసరికి రాత్రి అయింది. ఆ రోజు నుంచి ఎవరి మెషీన్ బయోస్ ముట్టుకున్నా ముందు కీ రాసుకోకుండా ముట్టుకోను.

మీరూ అంతే చేయండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, డివైజెస్ కింద మీ ల్యాప్‌టాప్‌కి ఉన్న రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఫోటో తీసి ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే ఉపయోగం లేదు.

ఇప్పుడు మెషీన్ ఆపి, మళ్లీ ఆన్ చేస్తూనే బయోస్ మీట నొక్కుతూ ఉండండి. డెల్, ఏసర్, ఏసుస్‌లలో సాధారణంగా ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10. లెనోవోలో ఎఫ్2, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1. ఇంట్లో అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌లకి ఎక్కువగా డిలీట్. మీట సరిగ్గా సమయానికి అందకపోతే విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ ద్వారా వెళ్లి, అక్కడ ట్రబుల్‌షూట్ కింద యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ ఎంచుకోండి. అదీ బయోస్‌కే తీసుకెళ్తుంది.

లోపల ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది. హెచ్‌పీలో సిస్టమ్ కాన్ఫిగరేషన్ కింద, లెనోవోలో కాన్ఫిగరేషన్ కింద, ఏసుస్‌లో అడ్వాన్స్‌డ్ కింద వెతకండి. ఇంటెల్ మెషీన్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ లేదా వీటీ-ఎక్స్ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. ఎనేబుల్ చేసి, ఎఫ్10 నొక్కి సేవ్ చేసి బయటికి రండి. మిగతా ఏదీ మార్చొద్దు. కరెంట్ పోయి వచ్చే వేళల్లో, బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లో ఈ పని పెట్టుకోవద్దు.

టాస్క్ మేనేజర్‌లో ఎనేబుల్డ్ అనే చూపిస్తున్నా, ఎమ్యులేటర్ మాత్రం వీటీ లేదని మొండికేయడం ఇంకో రకం సమస్య. అప్పుడు ఆ సదుపాయాన్ని విండోస్‌లోని హైపర్-వీ (వర్చువల్ మెషీన్లు నడిపే భాగం) ముందే పట్టుకుని ఉంటుంది. పాత ఎమ్యులేటర్లకి దానితో పడదు. కొత్త బ్లూస్టాక్స్ హైపర్-వీ ఉన్నా నడుస్తుంది కాబట్టి ముందు తాజా వెర్షన్ వేసి చూడండి. వీడియోల్లో చెప్పినట్టు హైపర్-వీ, మెమరీ ఇంటెగ్రిటీ అన్నీ ఆపేయడం నాకు ఇష్టం లేదు. మెమరీ ఇంటెగ్రిటీ విండోస్‌కి కాపలా. ఇంజినీరింగ్ పిల్లలు డాకర్, డబ్ల్యూఎస్ఎల్ వాడుతుంటే, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ ఆపేసిన రోజు నుంచి అవి ఎందుకు ఆగిపోయాయో తెలియక తలపట్టుకుంటారు.

బ్లూస్టాక్స్ వేయడం

ఎల్‌డీప్లేయర్, నాక్స్, మెము లాంటివి కూడా ఉన్నాయి. నేను బ్లూస్టాక్స్‌తో మొదలుపెట్టమంటాను. ప్లే స్టోర్ లోపలే ఉంటుంది, సెట్టింగులు కొత్తవాళ్లకి అర్థమవుతాయి. బ్లూస్టాక్స్ డాట్ కామ్ అని అడ్రస్ బార్‌లో మీరే టైప్ చేసి వెళ్లండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనల మీద నొక్కితే ఏ సరుకు దిగుతుందో చెప్పలేం. మొదట చిన్న ఫైల్ దిగుతుంది. దాన్ని నడిపాక అసలు సరుకు దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద చేస్తుంటే ఆ రోజు డేటా అయిపోగలదు, వైఫై ఉన్నచోట చేసుకోండి. దారిలో వేరే సాఫ్ట్‌వేర్లు కూడా వేయమంటారా అని అడిగితే వద్దనండి.

తెరుచుకున్నాక ప్లే స్టోర్‌కి గూగుల్ ఖాతా అడుగుతుంది. మీ అసలు ఖాతా ఇవ్వొద్దు, కొత్తగా ఒకటి తెరిచి అది ఇవ్వండి. మీ ఫోటోలు, కాంటాక్టులు, మెయిల్స్ ఉన్న ఖాతాని ఎమ్యులేటర్‌లో పెట్టాల్సిన అవసరం ఏ చదువుకీ, ఏ ఆటకీ లేదు.

తర్వాత కుడివైపు గేర్ గుర్తు నొక్కి పర్ఫార్మెన్స్‌కి వెళ్లండి. మీ మెషీన్‌లో 8 జీబీ ఉంటే ఎమ్యులేటర్‌కి 4 జీబీ లోపు ఇవ్వండి. 4 జీబీయే ఉంటే తక్కువ అని ఉన్న ఎంపికే పెట్టండి. ఎక్కువ ఇస్తే వేగం వస్తుందనుకుని ఉన్నదంతా రాసిచ్చేస్తారు కొందరు. అప్పుడు విండోస్‌కి ఏమీ మిగలక రెండూ కూలబడతాయి. సీపీయూ కోర్లు సగం ఇస్తే చాలు. ఫ్రేమ్ రేట్ 30కి దించండి, చదువు యాప్‌లకి అంతకంటే అవసరం లేదు. డిస్‌ప్లేలో రిజల్యూషన్ తగ్గించండి. బొమ్మ చెదిరిపోతున్నా, నల్లగా వస్తున్నా గ్రాఫిక్స్‌లో ఓపెన్‌జీఎల్, డైరెక్ట్ఎక్స్, వల్కన్ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూడండి. మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్ చేయాలి.

యాప్ ప్లే స్టోర్‌లో కనబడకపోయినా, మీ పరికరానికి సరిపోదని వచ్చినా, లోపలి ఆండ్రాయిడ్ వెర్షన్ పాతదై ఉండొచ్చు. మల్టీ ఇన్‌స్టెన్స్ మేనేజర్ తెరిచి కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌తో ఇంకో ఇన్‌స్టెన్స్ (లోపల ఇంకో ఫోన్ లాంటిది) చేసుకోండి, పాతది తీసేయండి. యాప్‌లు తీసేసినా సీ డ్రైవ్‌లో జాగా వెనక్కి రాదు, ఎందుకంటే ఎమ్యులేటర్ డిస్క్ ఫైల్ పెరగడమే తప్ప తనంతట తాను తగ్గదు. ఆ మేనేజర్‌లోనే డిస్క్ క్లీనప్ ఉంటుంది, నెలకోసారి నడపండి.

తెలుగు టైపింగ్ దగ్గర అందరూ ఇబ్బంది పడతారు. తేలికైన దారి చెబుతాను. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చుకుని, కీబోర్డుల్లో దాన్ని ఎంచుకోండి. నోట్‌ప్యాడ్‌లో తెలుగులో రాసి, కాపీ చేసి, ఎమ్యులేటర్‌లో పేస్ట్ చేయండి. లోపల జీబోర్డ్ వేసి మౌస్‌తో ఒక్కో అక్షరం నొక్కుతూ కూర్చోవడం కంటే ఇది ఎంతో నయం.

ఎమ్యులేటర్‌లో పెట్టకూడనివి

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు ఎమ్యులేటర్‌లో వేయాలని చూడొద్దు. యూపీఐ యాప్ మీ సిమ్ నుంచి తనే ఒక ఎస్ఎంఎస్ పంపి ఫోన్‌ని ఖాతాకి ముడివేస్తుంది. ఎమ్యులేటర్‌లో సిమ్ లేదు, ఆ ముడి పడదు. దీన్ని దాటేసే చిట్కాలున్నాయని చెప్పే వీడియోల వెంట పోయి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైల్‌ని, అంటే యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌ని, కూడా ఎమ్యులేటర్‌లో వేయొద్దు, ఫోన్‌లో అసలే వేయొద్దు. పెళ్లి పత్రిక అని, బండి చలానా అని, పీఎం కిసాన్ డబ్బులని పేరు పెట్టి పంపుతున్నారు. అవి ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు దోచుకునేవి. ఇంట్లో అమ్మానాన్నలకి ఇది కూర్చోబెట్టి చెప్పండి. పెళ్లి పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని అడగదు. ఇప్పటికే వేసేసి డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఎమ్యులేటర్‌లో లొకేషన్ మార్చుకునే మీట కూడా ఉంటుంది. హాజరు యాప్‌ని మోసం చేయడానికో, డబ్బు పెట్టి రమ్మీ ఆడడానికో దాన్ని వాడితే చిక్కుల్లో పడేది మీరే. తెలంగాణలో డబ్బుతో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. కంప్యూటర్‌లో ఊరు పేరు మార్చినంత మాత్రాన చట్టం మారదు.

మిగతా దారులు, క్లుప్తంగా

ఆటలే కావాలంటే గూగుల్ వాళ్లదే ప్లే గేమ్స్ అనే పీసీ ప్రోగ్రామ్ ఉంది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీలో 10 జీబీ జాగా, నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉండాలి. కొన్ని ఆటలు ఎమ్యులేటర్‌లో ఆడితే ఖాతా బ్లాక్ చేస్తాయి, ఆ ఆట నియమాలు ముందు చదవండి.

విండోస్ 11లోనే ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయని పాత వీడియోలు చెబుతాయి. అది ఒకప్పటి మాట. విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ ఆండ్రాయిడ్‌కి మైక్రోసాఫ్ట్ 2025 మార్చి 5న మద్దతు ఆపేసింది. దానికోసం వెతకొద్దు. క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేస్తే పాత ల్యాప్‌టాప్ హాయిగా నడుస్తుంది, కానీ క్రోమ్‌బుక్‌లాగా అందులో ప్లే స్టోర్ ఉండదు. ఈ సంగతి తెలియక విండోస్ తీసేసి బాధపడినవాళ్లు ఉన్నారు.

లినక్స్ వాడేవాళ్లకి వేడ్రాయిడ్ మంచిది. లినక్స్ కెర్నల్ మీదే ఆండ్రాయిడ్ నడుస్తుంది కాబట్టి అది పూర్తి వర్చువల్ మెషీన్ పెట్టకుండా, ఉన్న కెర్నల్‌నే పంచుకుంటుంది. అందుకే తేలిక. వేలాండ్ సెషన్‌లో లాగిన్ అయి ఉండాలి. కంప్యూటర్ మొత్తాన్నే ఆండ్రాయిడ్‌గా మార్చాలనుకుంటే బ్లిస్ ఓఎస్ ఉంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో చూశాకే డిస్క్ ముట్టుకోండి.

యాప్‌లు తయారుచేయడం నేర్చుకునే విద్యార్థులు ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఎమ్యులేటర్ వాడతారు. 16 జీబీ ర్యామ్ ఉంటేనే అది సుఖం. 8 జీబీయే ఉంటే మీ ఫోన్‌నే కేబుల్‌తో తగిలించి అందులో టెస్ట్ చేయండి, పైన చెప్పిన డీబగ్గింగ్ ఇక్కడా పనికొస్తుంది.

ఐఫోన్ యాప్‌లని విండోస్‌లో నడిపిస్తామనే ప్రోగ్రామ్‌లు కనిపిస్తే నమ్మొద్దు. ఆపిల్ ఆ దారి ఇవ్వలేదు. 2020 నుంచి వచ్చిన ఎం రకం చిప్ ఉన్న మ్యాక్‌లలో మాత్రం కొన్ని ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌లు యాప్ స్టోర్ నుంచే నేరుగా నడుస్తాయి.

ఇంకా నడవకపోతే

మీరు ఏ షాపుకి వెళ్లినా, తెలిసినవాళ్లకి ఫోన్ చేసినా, నాలుగు సంగతులు చేతిలో ఉంచుకోండి: ర్యామ్ ఎంత, ప్రాసెసర్ పేరేంటి, విండోస్ ఎన్నో వెర్షన్, టాస్క్ మేనేజర్‌లో వర్చువలైజేషన్ దగ్గర ఏం రాసి ఉంది. స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్‌ని మూసేయకుండా పక్కవాళ్ల ఫోన్‌తో ఒక ఫోటో తీయించుకోండి. "ఏదో ఎర్రర్ వచ్చింది అన్నా" అంటే బాగుచేసేవాళ్లు మొదటినుంచి వెతుక్కోవాలి. ఆ ఫోటోలో ఉన్న మాటలు, పక్కన ఉన్న నంబర్ చూస్తే చాలాసార్లు మీరు షాపు మెట్లు ఎక్కకముందే ఫోన్‌లోనే చెప్పేయొచ్చు.